కందీలు నుండి సెల్‌ఫోను దీపం దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఉట్నూరులో మా ఇంటి దీపాల చరిత్రే రాస్తున్నాను.

నేను 1973లో ఉట్నూరు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కేంద్రం 1920లోనే వచ్చింది. మన పక్కనే రామగుండంలో 62.5 మెగావాట్ల యూనిట్ 1971లో మొదలైంది. అయినా మా కిరాయి పెంకుటింట్లో కరెంటు లేదు, గ్యాసునూనె కందీలే గతి. పొద్దు గూకకముందే మా ఇంటామె గాజు చిమ్నీని బూడిదతో తుడిచి, వత్తి కొస కత్తిరించి సమం చేసేది. వత్తి ఒక పక్కకు ఎగిస్తే చిమ్నీ అంతా మసి. జమాబందీ రోజుల్లో లెక్కలు ఇంటికి తెచ్చుకొని ఆ వెలుగులోనే కూడికలు వేసేవాణ్ణి. పెండ్లిండ్లకు పెట్రోమాక్స్ లైట్లు కిరాయికి తెచ్చేవారు. దానికి గాలి కొట్టే మనిషి చుట్టూ పిల్లలంతా మూగేవారు, పెండ్లికొడుకును కూడా అంతగా చూసేవారు కాదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1975లో, స్కాట్లండ్‌లో పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఎక్స్-10 అనే పద్ధతి తయారు చేసింది. ఇంట్లోని కరెంటు తీగల మీదుగానే సంకేతం పంపి, ఒక గదిలో కూర్చొని ఇంకో గది దీపం ఆర్పవచ్చు. ఈ సంగతి నాకు మొన్నమొన్ననే తెలిసింది. అప్పుడు ఎవరైనా చెబితే కచేరీలో అందరం నవ్వేవాళ్లం.

తర్వాత మా ఇంటికి మీటరు వచ్చింది. 60 వాట్ల బల్బు, ఆ వెనుక చోకు, స్టార్టరు ఉన్న ట్యూబులైటు. 2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఇడి బల్బులు అగ్గువ అయ్యాయి. 60 వాట్ల వెలుగు 9 వాట్లకే రావడం మొదలైంది.

రెండేళ్ల కింద రాత్రిపూట మా ఇంటామె బాత్రూముకు లేచి, చీకట్లో స్విచ్చి అందక గడప తగిలి పడింది. మణికట్టు విరిగింది. నలభై రోజులు కట్టు. అబ్బాయి హైదరాబాదు నుండి వచ్చి నాలుగు స్మార్టు బల్బులు బిగించాడు. "బాపూ, ఇగ స్విచ్చి దేవులాడుడు లేదు, ఫోన్ల చెప్తే సాలు" అన్నాడు.

అయితే గోడ స్విచ్చి ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, లేకుంటే ఆ బల్బుకు ఫోను మాట వినబడదు. ముప్పై అయిదేళ్లు కచేరీలో దీపాలన్నీ ఆర్పి తాళం వేసిన చేయి నాది. అలవాటుగా రోజూ ఆర్పేవాణ్ణి, మా ఇంటామె కోపం చేసేది. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి రెండు గంటలకు తిరిగి వచ్చింది. నాలుగు బల్బులూ వాటంతట అవే వెలిగాయి. తెల్లారిందనుకొని ఆమె లేచి చాయ్ పెట్టింది. ఇద్దరం తాగేశాం కూడా. కరెంటు తిరిగి వస్తే ముందున్న స్థితిలోనే ఉండేట్టు యాప్‌లో పెట్టుకోవచ్చని అబ్బాయి తర్వాత చెప్పాడు.

మాకు నిజంగా పనికొచ్చింది బాత్రూము దారిలో పెట్టిన చిన్న సెన్సారు దీపం. కదిలే మనిషి ఒంటి వేడిని పసిగట్టి వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. దానికి ఫోను వద్దు, నెట్టు వద్దు. బ్యాటరీది గనుక కరెంటు పోయినా ఆగదు. అది పెట్టిన నాటి నుండి ఆమె రాత్రి నన్ను లేపడం లేదు. దాని ఛార్జింగు మాత్రం నా పని. నెలనెలా ఒకటో తారీకున, పెన్షను పడిందో లేదో చూసుకున్నాక పెడుతున్నాను.