క్రైస్తవ విశ్వాసంలో సంతోషం, ఆనందం

పరిస్థితులు కలిసొచ్చినప్పుడు కలిగేది సంతోషం, కలిసిరాకపోయినా నిలిచి ఉండేది ఆనందం. క్రైస్తవ బోధలో తరచూ వినిపించే విభజన ఇది. ఇందులో నిజం ఉంది గానీ అది ఈ రెండు మాటల్లో లేదు. ఇంగ్లీషులో ‘హ్యాపీనెస్’ అనే పదం అదృష్టమనే అర్థమున్న పాత మాట నుంచి పుట్టింది కాబట్టి అక్కడి ప్రసంగీకులకు ఈ తేడా చెప్పడం సులువు. తెలుగులో ఆ వ్యుత్పత్తి లేదు. కొత్త నిబంధన రాసిన గ్రీకులోనూ పదాలు అలా విడిపోలేదు. యేసు తన శిష్యుల్లో పరిపూర్ణం కావాలని కోరింది ‘ఖారా’. యూదా ఇస్కరియోతు గురువును పట్టిస్తానన్నప్పుడు ప్రధాన యాజకులకు కలిగిన సంబరాన్ని మార్కు చెప్పింది దాని జంట క్రియ ‘ఖైరో’తోనే. యేసును చూసి హేరోదు మురిసిపోయాడని లూకా రాసిందీ ఆ క్రియతోనే. తెలుగు బైబిలు అనువాదకులు ఈ మూడు చోట్లా సంతోషమనే మాటనే వాడారు. ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయంలోని ఆజ్ఞలో మాత్రం అదే గ్రీకు క్రియను ఆనందించడంగా అనువదించారు. తప్పు వాళ్లది కాదు, మూలంలోనే గీత లేదు.

మాటల్లో లేని తేడా ఎక్కడుంది? ఆ భావం దేని మీద నిలబడిందన్న దాంట్లో ఉంది. దీన్ని స్పష్టంగా పట్టుకున్నవాడు క్రైస్తవ వేదాంతి అగస్టీన్. మిలాన్‌లో అలంకారశాస్త్రం బోధించే రోజుల్లో చక్రవర్తిని పొగుడుతూ ప్రసంగం చెయ్యాల్సి వచ్చింది. అందులో చాలా మాటలు అబద్ధాలని తనకే తెలుసు. ఆ దిగులుతో వీధిలో పోతుంటే తాగి నవ్వుతున్న బిచ్చగాడొకడు కనబడ్డాడు. తాను ఇంత అవస్థపడి వెతుకుతున్నది వాడికి నాలుగు చిల్లర నాణేలకే దొరికిందని అగస్టీన్ తన ‘ఒప్పుకోళ్లు’ ఆరో పుస్తకంలో రాసుకున్నాడు. వాడి నవ్వు నకిలీదని కొట్టిపారెయ్యలేదు, దాని మూలం ఏమిటని అడిగాడు. మద్యం మత్తు ఆ రాత్రికి దిగిపోతుంది, తన కీర్తి మత్తు మర్నాడు తనతోపాటే లేస్తుంది. పదో పుస్తకానికి వచ్చేసరికి ధన్యజీవితమంటే సత్యం వల్ల కలిగే ఆనందమని నిర్వచించాడు.

ఈ ఆధారం ఎలా పనిచేస్తుందో చూడాలంటే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక కన్నా మంచి ఉదాహరణ లేదు. మాసిదోనియలోని ఫిలిప్పీ రోమా వలసనగరం. పౌలు, సీల అక్కడే బెత్తం దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయించుకుని, అర్ధరాత్రి చెరసాలలో పాటలు పాడారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. పత్రిక రాసేనాటికి పౌలు మళ్లీ బంధకాల్లో ఉన్నాడు. అది రోమా అని సంప్రదాయం, ఎఫెసు అనీ కైసరయ అనీ వాదించే పండితులూ ఉన్నారు. తీర్పు ప్రాణం మీదికి రావచ్చు. అయినా ఈ 4 అధ్యాయాల్లో ఖారా, దాని క్రియారూపాలు కలిపి 16 సార్లు వస్తాయి. ఆ ఆనందం ‘ప్రభువునందు’ అని పౌలు పదేపదే జతచేస్తాడు. విడుదల వార్త వస్తే పెరిగి, మరణశిక్ష పడితే ఆవిరయ్యేది కాదది. అలాగని లోకంలోని సంతోషాలను అతను చిన్నచూపు చూడలేదు. ఫిలిప్పీవాళ్లు పంపిన సాయం అందినందుకు బాగా సంతోషించానని దాచుకోకుండా రాశాడు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. బాధను బాధగా ఒప్పుకోకుండా ముఖాన నవ్వు పులుముకోవడమే ఇది కదా అని. కొన్ని ఆరాధనల్లో, పరామర్శల్లో జరిగేది అదే, కాదనలేం. ఏడుస్తున్నవాణ్ణి విశ్వాసం చాలలేదని నిందించడం క్రూరత్వం. కానీ ఆ క్రూరత్వానికి పౌలులో చోటు దొరకదు. అతని సమకాలికులైన స్తోయిక తత్వవేత్తలతో పోల్చితే ఇది తేటపడుతుంది. వాళ్లు ఖారాను ‘హేడోనే’ అనే సామాన్య సుఖం నుంచి వేరుచేశారు. జ్ఞానికి తగిన సద్భావాలు మూడని చెప్పారు: సుఖానికి బదులు ఆనందం, కోరికకు బదులు సత్సంకల్పం, భయానికి బదులు జాగ్రత్త. దుఃఖానికి బదులు మాత్రం ఏమీ పెట్టలేదు, ఎందుకంటే జ్ఞాని దుఃఖించడు. పౌలుకు ఆ వ్యవస్థ తెలిసే ఉండొచ్చు. తృప్తి గురించి చెప్పేటప్పుడు వాళ్లకు ఇష్టమైన ‘అవుతార్కేస్’ అనే మాటనే వాడాడు. అయితే దుఃఖాన్ని అందులోంచి తీసెయ్యలేదు. మూడో అధ్యాయంలో ఏడుస్తూ రాస్తున్నానంటాడు. కీర్తనల గ్రంథంలో విలాపాలకున్న చోటు కూడా ఈ పక్షానికే సాక్ష్యం.

రెండో అధ్యాయంలోని ఎపఫ్రొదితు సంగతి చూడండి. ఫిలిప్పీ సంఘం పంపిన సాయం తెచ్చినవాడు, పౌలు దగ్గర చావుకు దగ్గరైనంత జబ్బుపడ్డాడు. తన జబ్బు సంగతి ఊళ్లోవాళ్లకు తెలిసిందని ఇంకా కుంగిపోయాడు. అతను బతకడం తన మీద కూడా దేవుడు చూపిన కనికరమనీ, లేకపోతే దుఃఖం మీద దుఃఖం వచ్చిపడేదనీ పౌలు రాశాడు. అంటే మొదటి దుఃఖం అప్పటికే అక్కడుంది, ఆనందించమని ఆజ్ఞాపించిన పత్రికలోనే. ఇక ఎపఫ్రొదితును వెనక్కి పంపడానికి చెప్పిన కారణం రెండు ముక్కలు: అతన్ని చూసి వాళ్లు సంతోషిస్తారు, తన దుఃఖం తగ్గుతుంది. తగ్గుతుందన్నాడు గానీ పోతుందనలేదు.