రంగం నుంచి పల్లె దాకా: ఇల్లన్న మాటకి మన అర్థం

నాలుగు దేశాల్లో పెరిగినోళ్లకి ఇల్లు ఎక్కడ? దీని మీద మన ప్రవాస సాహిత్యం చాలా కన్నీళ్లు కార్చింది. పెంకుటిల్లు, పెరట్లో జామచెట్టు, అమ్మమ్మ గారి ఊరు. ఆ కన్నీళ్లు అబద్ధమని మేం అనం. కానీ వాటి వెనక చెప్పని మాట ఒకటుంది: వాళ్లకి ఊరి నడుమ ఇల్లుండేది. తుళ్లూరు ప్రాంతంలోనైనా ఇంకెక్కడైనా మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎడంగానే పుట్టాయి. పల్లెలో పుట్టినోడు 'ఊళ్లోకి పోయొస్తా' అనే చోట, ఇంటికి తిరిగి రావడమంటే ఎక్కడికి రావడం?

ఈ ప్రశ్నకి రంగం పోయినోళ్ల చరిత్ర కొంత జవాబు చెబుతుంది. రంగూన్‌ని మన కూలీలు రంగం అనేవాళ్లు. పోయినోళ్లలో ఎక్కువమంది విశాఖ, గోదావరి జిల్లాల మాల మాదిగలు, వెనకబడిన కులాల పేదలు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు వాళ్లని కోరంగీలన్నారు. ఇక్కడి కులం పేరు పోయి రేవు పేరొచ్చింది, అదీ తిట్టుగానే. ఓడల్లో మూటలు మోశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలను దించాయి. సమ్మె ముగిశాక వాళ్లని పొమ్మన్నాయి. దాంతో లేచిన అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనోళ్లే. లాభం కంపెనీది, శవాలు కూలీలవి.

1942లో జపాన్ దాడికి లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్లీ పోయారు, ఇక్కడ వాళ్లకి దున్నుకోను సెంటు భూమి లేదు మరి. బర్మా 1948లో పౌరసత్వ చట్టం తెచ్చింది. చాలామంది కూలీల దగ్గర చూపించను కాగితం లేదు. 1962లో సైన్యం గద్దెనెక్కింది, 1964లో దుకాణాలు జాతీయం చేసింది. ఓడలెక్కినోళ్లని డబ్బూ బంగారం తీసుకుపోనివ్వలేదు. రంగంలో పుట్టి బర్మా మాట నేర్చిన పిల్లలు ఎన్నడూ చూడని 'స్వదేశం'లో దిగారు. విశాఖ కంచరపాలెంలో వాళ్లుండిన చోటుకి బర్మా క్యాంపు అనే పేరు నిలిచింది. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావాళ్లు!

చదువుకున్నోడికైనా ఇంతే. అంబేడ్కర్ న్యూయార్క్‌లో, లండన్‌లో చదివి 1917లో బరోడాకి ఉద్యోగానికి వస్తే అద్దెకి గది దొరకలేదు. పారశీ పేరు పెట్టుకుని సత్రంలో దిగితే కర్రలతో వచ్చి గెంటారు. 1931లో తనకి స్వదేశం లేదని గాంధీ ముఖాన్నే చెప్పాడాయన.

ఇక తుళ్లూరు సంగతి. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల్లో ముప్పై వేల ఎకరాలకి పైగా సమీకరించారు. పట్టా భూమి ఇచ్చిన రైతుకి ఒక లెక్క, అసైన్డ్ భూమి సాగు చేసుకునే దళితుడికి ఇంకో లెక్క, తక్కువ లెక్క పెట్టారు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది. ఐనా ఏమీ రాదన్న పుకారుకి బెదిరి అగ్గువకి అమ్ముకున్నారన్న ఆరోపణల మీద కేసులు నడిచాయి. భూమే లేని కూలీ కుటుంబానికి అప్పట్లో నెలకి 2500 పింఛన్ అన్నారు, అదీ పదేళ్లకి. ఓడెక్కకుండానే, పుట్టిన పల్లెలోనే, ఇది నీదేనా, కాగితం చూపించు అని అడిగించుకున్నారు.

ఆ కాగితాలే మనకి చరిత్ర. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ముందు పల్లెల్లో ఇనప్పెట్టెలు తెరిపించాలి. ఓడ టిక్కెట్టు, విదేశీయుడిగా నమోదైన కార్డు, బాప్తిస్మపు పత్రం, డి-ఫారం పట్టా, ఏది దొరికితే అది నకలు తీసుకోవాలి. ఆ పత్రం ఎవరి పేరునుందో, ఏ ఏడుదో, దాన్ని ఎవరు చెల్లదన్నారో పక్కనే రాసుకోవాలి.