మహమ్మద్ హబీబ్: ఉద్యోగం వద్దు, ఫుట్‌బాలే చాలన్న ‘బడే మియా’

మహమ్మద్ హబీబ్ (17 జులై 1949 – 15 ఆగస్టు 2023) హైదరాబాద్‌లో పుట్టి, కలకత్తాలో పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ ఫార్వర్డ్. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నారు. 1980లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆట మీదే బతికిన తొలి అసలైన భారత ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఈయనేనని చాలామంది అంటారు.

హైదరాబాద్ నుంచి కలకత్తాకు

హబీబ్ చిన్నతనంలో హైదరాబాద్ అంటే దేశమంతటికీ ఫుట్‌బాల్ ఊరు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఇక్కడివారే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ వాతావరణంలోనే హబీబ్ పెరిగారు.

1965-66 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. చిత్తూరు నుంచి ఆదిలాబాద్ దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న రోజులవి. ఆ జట్టులో కుర్ర హబీబ్ కూడా ఉన్నారు. ఓడిన బెంగాలే ఆయన్ని పిలిచింది. 1966లో, పదిహేడేళ్ల వయసులో, ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1969 సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫున 11 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయ్యారు.

మూడు క్లబ్బులు

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానులకు ఒకరంటే ఒకరికి పడదు. ఒక క్లబ్ వదిలి రెండో క్లబ్‌కు వెళ్లిన ఆటగాడిని అంత తేలిగ్గా క్షమించరు. హబీబ్ మాత్రం రెండు వైపులా ఆడి, రెండు వైపులా గౌరవం నిలుపుకున్నారు. 1970 నుంచి వరుసగా ఆరేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌లో మొదటి ఐదేళ్లు ఉన్నారు. 1975లో మహమ్మడన్‌కు, 1976లో మోహన్ బగాన్‌కు మారారు.

తమ్ముడు మహమ్మద్ అక్బర్ కూడా ఫార్వర్డే. 1976 లీగ్‌లో ఈస్ట్ బెంగాల్‌పై మ్యాచ్ మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్ కొట్టారు. కలకత్తా డెర్బీలో దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

హబీబ్ భారీ మనిషి కాదు. బంతి పోతే వెనక్కి పరుగెత్తి మళ్లీ లాక్కునేదాకా వదలకపోవడమే ఆయన బలం. మైదానంలో జూనియర్లను మందలించేవారు, దారి కూడా చూపేవారు. అందుకే అందరికీ ‘బడే మియా’ అయ్యారు.

పీలే ఎదుట గోల్

1977 సెప్టెంబర్ 24న అమెరికా క్లబ్ న్యూయార్క్ కాస్మోస్ ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. కాస్మోస్ జట్టులో పీలే, కార్లోస్ అల్బెర్టో, కినాలియా ఉన్నారు. వానకు తడిసిన ఆ గ్రౌండ్‌లో మ్యాచ్ 2-2తో డ్రా అయింది. బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, రెండోది హబీబ్‌ది. మ్యాచ్ తర్వాత పీలే హబీబ్ ఆటను మెచ్చుకున్నారు. మరో వారానికే, అక్టోబర్ 1న, పీలే వీడ్కోలు మ్యాచ్ ఆడేశారు. అదే సీజన్‌లో మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ గెలిచింది.

ఉద్యోగం ఎందుకు వద్దన్నారు?

అప్పట్లో భారత ఫుట్‌బాలర్లు కాగితం మీద అమెచ్యూర్లే. ఆటగాడు రైల్వేలోనో, బ్యాంకులోనో, కస్టమ్స్‌లోనో ఉద్యోగం చూసుకునేవాడు. ఆట ఎప్పుడు ఆగినా నెల జీతం ఆగదని ధీమా. మన ఇళ్లల్లో ఇప్పటికీ పిల్లాడు బాగా ఆడితే ముందు వచ్చే మాట ‘స్పోర్ట్స్ కోటా’నే. హబీబ్‌కూ ఉద్యోగాలు వచ్చాయి, ఆయన తీసుకోలేదు. క్లబ్ ఇచ్చే డబ్బుతోనే ఇల్లు గడిపారు. ఒక్క గాయం తగిలితే సంపాదన పోతుంది. పైగా ఆ రోజుల్లో క్లబ్బుల్లో పెన్షన్ మాటే లేదు. అంత రిస్క్ మీద ఆయన దాదాపు పద్దెనిమిదేళ్లు పెద్ద క్లబ్బుల్లో నిలబడ్డారు.

భారత జట్టులో

1967 మెర్డేకా టోర్నీతో భారత జట్టులోకి వచ్చారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో ఆడారు. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో భారత్ 1-0తో జపాన్‌ను ఓడించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషులకు ఆ తర్వాత ఇప్పటిదాకా పతకం రాలేదు.

చివరి రోజులు

ఆట మానేశాక జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్‌గా కుర్రాళ్లను తయారు చేశారు. తర్వాత హైదరాబాద్‌కు తిరిగొచ్చారు. పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులతో కొన్నేళ్లు బాధపడి, 2023 స్వాతంత్ర్య దినోత్సవం నాడు 74 ఏళ్ల వయసులో ఇంతికాల్ అయ్యారు. ఆయనకు భార్య, ముగ్గురు కుమార్తెలు ఉన్నారు.