రాయపూర్ నాచా నటులు - హబీబ్ తన్వీర్ నాటకశాల

విజయనగరం నుండి పార్వతీపురం, టిట్లాగఢ్‌ల మీదుగా సాగే రైలుమార్గం రాయపూరు చేరుతుంది. తెలుగునాటికి ఇంత చేరువలో ఉన్న ఆ పట్టణానికి ఆధునిక భారతీయ నాటక చరిత్రలో గల స్థానం సామాన్యమైనది కాదు. హబీబ్ తన్వీర్ 1923 సెప్టెంబరు 1వ తేదీన అక్కడనే జన్మించినారు. ఆయన కీర్తి దేశదేశాలకు ప్రాకినది. ఆ కీర్తికి ఆధారమైనవారు ఛత్తీస్‌గఢ్ పల్లెల రైతుకూలీలు, సంచార గాయకులు. వారు తన్వీర్ వద్ద నేర్చుకొన్న దానికంటె తన్వీర్ వారివద్ద నేర్చుకొన్నదే ఎక్కువ. ఈ మాటను పలుమార్లు ఒప్పుకొన్నవారు తన్వీరే.

ఆ పల్లెల ఆటకు నాచా అని పేరు. రాత్రి భోజనాలు ముగిసిన తరువాత మొదలై తెల్లవారే వరకు సాగుతుంది. ప్రేక్షకులు మూడు వైపులా, కొన్నిచోట్ల నాలుగు వైపులా కూర్చుంటారు. తోలుబొమ్మలాటలోని కేతిగాడిని తలపించే హాస్యగాడు అందులో ఉంటాడు. అతనిని జోక్కడ్ అంటారు. స్త్రీ వేషం ధరించిన పురుషుడు పరీ. నాచాకు వ్రాతప్రతి లేదు. కథ నటుల నోటిలో ఉంటుంది. ఆనాటి జనాన్ని బట్టి, ఆ ఊరి సంగతులను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

1920ల చివరి భాగంలో రాజనందగావ్ సమీపంలోని రవేలీ గ్రామానికి చెందిన దులార్‌సింగ్ సావ్ ఈ ఆటకు ఒక క్రమం కల్పించినారు. జనులు ఆయనను దాఊ మందరాజీ అని పిలిచేవారు. దాఊ అనునది అక్కడి భూస్వాములకు చెల్లే గౌరవవాచకం. ఆయన ఊరూరా తిరిగి మంచి నటులను, వాద్యగాండ్రను ఒకచోట చేర్చి జట్టుగా నిలిపినారు. పూర్వపు చికారా అనే తంత్రీవాద్యానికి బదులు హార్మోనియం ప్రవేశపెట్టినారు. ఈ కృషిలో ఆయన ఆస్తి కరిగిపోయినది. 1984లో మరణించే నాటికి ఆయనకు మిగిలినది పేరు మాత్రమే. కాని ఆ రవేలీ జట్టులో ఆరితేరిన మదన్‌లాల్, ఠాకుర్‌రామ్, లాలూరామ్, భుల్వారామ్ మొదలైనవారు తరువాతి కాలంలో తన్వీర్ నాటకశాలకు మూలస్తంభాలైనారు.

తన్వీర్ మార్గం వేరు. రాయపూర్‌లో బడిచదువు, నాగపూర్‌లో పట్టం, 1945లో బొంబాయి. అక్కడ రేడియో, పత్రికలు, సినిమా, ప్రజానాటక సంఘం. 1954లో ఢిల్లీలో నజీర్ అక్బరాబాదీ కవిత్వాన్ని ఆధారం చేసుకొని ‘ఆగ్రా బజార్’ నాటకం రచించి ప్రదర్శించినారు. 1955లో ఇంగ్లండుకు వెళ్లి రంగస్థల విద్య అభ్యసించినారు. మరుసటి సంవత్సరం బ్రెహ్ట్‌ను దర్శించవలెనని బెర్లిన్ చేరుసరికి ఆ మహాశయుడు కన్నుమూసి ఉన్నాడు. తన్వీర్ కొన్ని నెలలు అక్కడనే ఉండి బ్రెహ్ట్ నాటకశాల పనిని పరిశీలించినారు.

1958లో స్వదేశానికి తిరిగివచ్చిన తన్వీర్ రాయపూర్‌లో ఒక రాత్రి నాచా చూచినారు. ఆటను తెల్లవార్లు చూచి, అందులోని ఆరుగురిని ఢిల్లీకి రమ్మని పిలిచినారు. ఆ సంవత్సరమే వారితో, పట్టణ నటులతో కలిపి శూద్రకుని మృచ్ఛకటికాన్ని ‘మిట్టీ కీ గాడీ’ పేర ప్రదర్శించినారు. 1959లో తమ సహధర్మచారిణి కాబోవు మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించినారు.

అయితే చిక్కు అక్కడనే మొదలైనది. పల్లెలో వేలమందిని నవ్వించి ఏడ్పించిన ఠాకుర్‌రామ్ వంటి నటుడు ఢిల్లీ రంగస్థలం మీద బిగుసుకొనిపోయినాడు. ఏ మాటకు ఏ దిక్కుకు కదలవలెనో, ఎక్కడ నిలువవలెనో, ఎన్ని అడుగులు వేయవలెనో తన్వీర్ తాము ఇంగ్లండులో నేర్చిన పద్ధతిలో నిర్దేశించేవారు. నటులకు అది పట్టుబడలేదు. వారికి కుడి, ఎడమ అనేవి రంగస్థల నియమాలు కావు. జనంలో ఎవరు ఆనందించి అరచినారో ఆ దిక్కుకు తిరగటమే వారికి తెలిసిన నడక. దానికి తోడు వారు పలుకవలసినది హిందీ. ఆ హిందీ వారి ఇంటిమాట కాదు.

ఈ రెండు పొరపాట్లను గుర్తించుటకు తన్వీర్‌కు సుమారు పన్నెండేండ్లు పట్టినది. 1970 ప్రాంతం నుండి ఆయన తన పద్ధతిని మార్చుకొన్నారు. నటులను తమ ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చినారు. ముందుగా వారి ఇష్టానుసారం కదలనిచ్చి, ఆ కదలికలలో తగినవాటిని నిలుపుకొన్నారు. విదేశంలో నేర్చిన దానిని మరచుట తమకు నేర్చుటకంటె కష్టమైనదని ఆయన అనేవారు.

ఇందులో ఒక విశేషమున్నది. శూద్రకుడు తన పాత్రలలో పలువురికి వారి వారి ప్రాకృతాలనే ఇచ్చినాడు. సూత్రధారుడే సంస్కృతం విడిచి, పనిని బట్టి, ప్రయోగాన్ని బట్టి తాను ప్రాకృతంలో పలుకుతున్నానని చెప్పి ఇల్లాలితో సంభాషిస్తాడు. అటువంటి నాటకాన్ని ఏకరూపమైన హిందీలో పలికించటం కవి హృదయానికే దూరమైన పని. తరువాతి సంవత్సరాలలో ఆ నాటకాన్నే తన్వీర్ ఛత్తీస్‌గఢీలో ప్రదర్శించినప్పుడు శూద్రకుని ఉజ్జయిని రాయపూర్ చేరువ గ్రామంవలె సజీవమైనది.

1973లో రాయపూర్‌లో నెల దినాలపాటు నాచా శిక్షణ శిబిరం జరిగినది. శిబిరమనే పేరే గాని అక్కడ శిక్షణ ఇచ్చినవారెవరో, పొందినవారెవరో వేరుచేసి చెప్పటం కష్టం. నటులు తమ పాత హాస్యకథలను ఆడి చూపినారు. వాటిలో మూడింటిని కలిపి, పుష్యపూర్ణిమనాటి ఛేర్‌ఛేరా పండుగ సందడిని చేర్చగా ‘గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దమాద్’ అనే నాటకం తయారైనది. ఊరి పేరు అత్తవారిల్లు, నా పేరు అల్లుడు అని దాని భావం. అంతకుముందు పురుషులే స్త్రీ వేషాలు ధరించే నాచా సంప్రదాయం నుండి వచ్చిన ఈ రంగస్థలం మీద ఫిదాబాయి వంటి నటీమణులు నిలిచినారు. ఆమె ఆటపాటలే జీవనమైన దేవార్ అనే సంచార కులానికి చెందినది. 1978లో ‘బహాదుర్ కలారిన్’లో ప్రధాన పాత్ర ఆమెదే.

‘చరణదాస్ చోర్’ పుట్టిన తీరు ఇంకను ముఖ్యమైనది. రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా చెప్పిన జానపద కథ దానికి మూలం. ఒక దొంగ గురువు ముందు వేళాకోళంగా నాలుగు ప్రతిజ్ఞలు చేస్తాడు: బంగారు పళ్లెంలో భుజించను, ఏనుగునెక్కి ఊరేగను, రాణిని పెండ్లాడను, రాజ్యం స్వీకరించను. గురువు ఐదవది చేర్చుతాడు: అబద్ధమాడరాదు. ఎన్నడూ ఎదురుకావనుకొన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతవి. దొంగ మాట తప్పక ప్రాణం వదులుతాడు. ఈ కథను తన్వీర్ 1974లో భిలాయిలో నటులతో కలిసి మలచినారు. అక్కడ గురు ఘాసీదాస్ అనుయాయులైన సత్నామీలకు సత్యమే దైవం. వారి పంథీ నృత్యం, పాటలు నాటకంలో చేరగానే హాస్యకథ ధర్మగాథ అయినది. పాటలు వ్రాసినవారు స్వర్ణకుమార్ సాహు, గంగారామ్ సాకేత్ అనే ఛత్తీస్‌గఢీ కవులు. 1975లో ఆ నాటకం పూర్ణరూపం పొందినది. శ్యామ్ బెనెగల్ దానిని బాలల చలనచిత్రంగా కూడ నిర్మించినారు. అందులో చరణదాస్ లాలూరామ్. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఆ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ బహుమానం లభించినది.

ఆ భాషకు స్వస్థలంలో లభించిన గౌరవాన్ని దీనితో పోల్చి చూడవచ్చును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడినది. ఛత్తీస్‌గఢీ అధికారభాషగా గుర్తింపబడినది 2007లో. మాట తెలియని విదేశీయులు ఎడిన్‌బరోలో కరతాళధ్వనులు చేసిన పాతికేండ్లకు గాని ఆ మాట స్వంతగడ్డపై కార్యాలయపు గడప తొక్కలేదు. మరొక విపర్యాసం కూడ ఉన్నది. తన్వీర్ 2009 జూన్ 8న భోపాల్‌లో మరణించిన కొలదినెలలకే, సత్నామీ సమాజంలో కొందరి ఆక్షేపణపై ‘చరణదాస్ చోర్’ను రాష్ట్రప్రభుత్వం నిషేధించినది. ఎవరి పాటతో నాటకం ప్రాణం పోసుకొన్నదో వారిలోనే కొందరికి దొంగ నోట సత్యవ్రతం అవమానంగా తోచినది. జనుల నుండి తీసుకొన్న కళ జనుల ముందు మరల నిలువవలసినప్పుడు ఈ ప్రశ్న తప్పదు.

తెలుగు రచయితలకు ఈ చరిత్ర పరాయిది కాదు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథకు క్రొత్త కథలను ఇచ్చినది. షేక్ నాజర్ గొంతులో ఆ కళ ఊరూరా మారుమ్రోగినది. తన్వీర్ పని కొంత భిన్నం. ఆయన కోరినది జానపద రూపాన్ని కాదు, జానపద నటుణ్ణి. రూపం తీసుకొంటే దానిని పట్టణానికి తెచ్చుకొనవచ్చును. నటుణ్ణి తీసుకొంటే అతని భాషను, నడకను, స్వేచ్ఛను కూడ అంగీకరింపవలసి వస్తుంది. ‘కన్యాశుల్కం’లో గురజాడ ప్రతి పాత్రకు దాని మాటనే ఇచ్చినారు. కాని తరువాతి తెలుగు నాటకాలలో మాండలికం తరచు సేవకుని హాస్యానికే పరిమితమైనది. రాజు గాని, ధర్మాధర్మ విచికిత్సలో నలిగే నాయకుడు గాని పల్లెమాట పలుకరాదనే సంకోచం చాలకాలం నిలిచినది. నాచా నటులు ఆ సంకోచాన్ని తొలగించినారు. వారి రంగస్థలంలో రాణి ఛత్తీస్‌గఢీలో ఆజ్ఞాపిస్తుంది, గురువు ఛత్తీస్‌గఢీలో ఉపదేశిస్తాడు, చరణదాస్ ఆ భాషలోనే మరణాన్ని వరిస్తాడు.

2009లో ఆ నటులలో ఒకరైన గోవిందరామ్ నిర్మల్కర్‌కు పద్మశ్రీ లభించినది. చరణదాస్ పాత్రను ధరించినవారిలో ఆయన కూడ ఒకరు. ఆ జట్టులో తక్కినవారు చాలమందికి అంతటి గుర్తింపు రాలేదు. నాటకచరిత్రలు దర్శకుని పేర వెలువడుతవి. రాయపూర్ విషయంలో మాత్రం మదన్‌లాల్, ఠాకుర్‌రామ్, లాలూరామ్, భుల్వారామ్, ఫిదాబాయి అనే పేర్లను తన్వీర్ పేరు ప్రక్కనే వ్రాయవలసి ఉన్నది.