రోము దాకా పోయి వచ్చిన పళ్లెం

1786లో నెల్లూరు దగ్గర ఒక రాళ్ల గుట్ట పక్కన రైతు దుక్కి దున్నుతుంటే నాగలి కర్రు ఇటుకలకు తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే కూలిపోయిన చిన్న గుడి. దాని అడుగున ఒక చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ఆరా తీయించి 30కి పైగా రాబట్టగలిగాడు. వాటి మీద ఉన్నవి రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టీనా బొమ్మలు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఈ సంగతంతా రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. కొన్ని నాణేలు అప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్నిటికి మాత్రం నగల్లో గుచ్చుకున్నట్టు చిల్లులున్నాయట.

సూళ్లూరుపేట, పులికాట్, నెల్లూరు తీరానికి రోముతో ఉన్న చుట్టరికం అలా బయటపడింది. బంగారం మీద రాజు పేరుంటుంది, బొమ్మ ఉంటుంది. చూడగానే ఎక్కడిదో చెప్పేయవచ్చు. కుండపెంకు అలా కాదు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దాని మీద రాసి ఉండదు. ఈ తూర్పు తీరంలో దొరికిన ఒక రకం పెంకు పండితులను అర్ధశతాబ్దం పాటు రోము చుట్టూ తిప్పింది. దాని అసలు ఇల్లు మాత్రం వేరే దిక్కున ఉంది.

పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు అనే దిబ్బ ఉంది. 1937 ప్రాంతంలో పుదుచ్చేరి ఫ్రెంచి కాలేజీ ప్రొఫెసర్ జువో దుబ్రయ్ అక్కడి పిల్లల దగ్గర పూసలూ రాళ్లూ సేకరిస్తుండేవాడు. వాటిలో మనిషి తల చెక్కిన ఒక రాయి దొరికింది. అది అగస్టస్ చక్రవర్తి తల అని ఆయన గుర్తుపట్టాడు. చిన్నపాటి తవ్వకాలు జరిగాయి, దొరికినవి బీరువాల్లోకి చేరాయి, అంతటితో ఆ కథ ఆగింది.

1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా మోర్టిమర్ వీలర్ వచ్చాడు. ఆ ఏడాది జులైలో మద్రాసు మ్యూజియంలో ఒక బీరువా తెరిచి చూస్తుంటే పొడుగాటి మెడా, పిడీ ఉన్న జాడీ ముక్క ఒకటి చేతికి తగిలింది. మధ్యధరా తీరాల నుంచి ద్రాక్షసారాయి మోసుకొచ్చే ఆంఫొరా జాడీ ముక్క అది. ఎక్కడిదని అడిగితే పుదుచ్చేరి దగ్గరిదన్నారు. వెంటనే రైలెక్కి పుదుచ్చేరి వెళ్లాడు. అక్కడి లైబ్రరీ అద్దాల బీరువాలో నిగనిగలాడే ఎర్రటి పెంకులు కనిపించాయి. ఇటలీలోని అరెజ్జో ఊళ్లో చేసిన అరెటైన్ పాత్రల ముక్కలవి. బ్రిటన్‌లో రోమన్ ఊళ్లు తవ్విన మనిషికి వాటిని పోల్చుకోవడం ఎంతసేపు!

ఆయన సంతోషం వెనక పెద్ద కారణమే ఉంది. అప్పటికి దక్షిణ భారతంలో ఏ కుండ ఏ కాలానిదో చెప్పే ఆధారం లేదు. అరెటైన్ పాత్రల కాలం మాత్రం యూరప్‌లో బాగా తేలిపోయింది. అవి క్రీస్తుశకం తొలి అర్ధశతాబ్దం దాటి పెద్దగా నడవలేదు. వాటితో కలిసి ఏ పొరలో ఏ దేశీ పెంకు దొరికితే దానికీ ఆ కాలం కట్టవచ్చు. 1945లో వీలర్ అరికమేడు తవ్వింది ముఖ్యంగా అందుకే.

ఆ తవ్వకంలో కుప్పలుగా బయటపడింది ఒక పళ్లెం. 23 నుంచి 32 సెంటీమీటర్ల వెడల్పు, లోతు తక్కువ, అడుగు చదును. అంచు మందంగా ఉండి లోపలికి వాలుతుంది. మట్టిలో ఇసుక పలుకు తగలదు. వేలితో తడితే ఖంగుమంటుంది. పైన నల్లగానో గోధుమ, ఎరుపు వన్నెల్లోనో నునుపైన పూత ఉంటుంది. లోపల, సరిగ్గా అన్నం వడ్డించే చోట, రెండు మూడు వలయాలుగా సన్నని గాట్ల వరసలు: చుక్కలు, త్రిభుజాలు, ముత్యపు గింజంత చిన్న కోలలు. వీటికే రౌలెటెడ్ పాత్రలని పేరు వచ్చింది.

పళ్ల చక్రం దొర్లించి గాట్లు వేయడం రోమన్ కుమ్మరుల పని. కాబట్టి ఈ అలంకరణ మనదేశపుది కాదని వీలర్ తేల్చాడు. మేలురకం పళ్లాలు బయటి నుంచి వచ్చి ఉంటాయి, మోటువి ఇక్కడివారు చూసి చేసిన నకళ్లు అన్నాడు. ఆ మాట ఎంత బలంగా నాటుకుందంటే, తర్వాత అమరావతిలో, ధరణికోటలో, శాలిహుండంలో ఈ పెంకు దొరికితే చాలు, అక్కడికీ రోమన్ వర్తకపు నీడ పడేది. పొర వయసు కూడా దాని ప్రకారమే లెక్కకట్టేవారు. వీలర్‌ను నేను తప్పుపట్టను. చేతిలో ఉన్న ఒకే ఒక్క గడియారం రోముది. దాన్ని చూసే టైము చెప్పాడు.

ఆ గడియారాన్ని సరిచేసింది పురావస్తు పరిశోధకురాలు విమలా బెగ్లీ. 1983లో అచ్చయిన వ్యాసం కోసం ఆమె కొత్తగా తవ్వలేదు. వీలర్ నివేదికనూ, 1947–50 మధ్య అక్కడే తవ్విన ఫ్రెంచి పండితుడు కసాల్ నివేదికనూ పక్కపక్కన పెట్టుకుని పొర పొరా మళ్లీ చదివింది. ఏళ్లుగా అందరి బల్లల మీదా ఉన్న కాగితాలే అవి. అరెటైన్ పెంకు జాడే లేని అడుగు పొరల్లో కూడా ఈ పళ్లాలున్నాయి. అంటే ఇటలీ ఎర్ర పాత్రలు రాకముందే ఇవి వాడకంలో ఉన్నాయి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికే ఇవి మొదలై ఉంటాయని ఆమె వాదన. పళ్లెం ఆకారం భారతీయమేనంది. అలంకరణ పద్ధతి మాత్రం పడమర నుంచి నేర్చుకున్నదే కావచ్చనుకుంది. 1989 నుంచి 1992 దాకా మద్రాసు విశ్వవిద్యాలయం వారితో కలిసి అరికమేడును మళ్లీ తవ్వింది.

ఆ గాట్ల మీద ఇంకో ఆలోచనా వచ్చింది. అన్నిటికీ పళ్ల చక్రమే అక్కర్లేదు. ఆరీ ఆరని పాత్రను సారె మీద తిప్పుతూ, స్ప్రింగులా వంగే పల్చని రేకు కొసను ఆనించి పట్టుకుంటే అది తుళ్లితుళ్లి పడుతూ తనే గాట్లు పెడుతుంది. నల్లబల్ల మీద సుద్దముక్కను ఎదురు తోస్తే చుక్కల గీత పడుతుందే, అలాగ. అందుకు రోము దాకా పోయి నేర్చుకోనక్కర్లేదు, చేయి తిరిగిన కుమ్మరి చాలు.

ఇక మిగిలింది మట్టి. ఇండోనేషియాలోని బాలి దీవిలో, సెంబిరాన్ అనే తీరగ్రామంలో, ఆర్దికా అనే పురావస్తు పరిశోధకుడికి ఇవే పళ్లాల పెంకులు దొరికాయి. ఆయనా, మరో పరిశోధకుడు పీటర్ బెల్‌వుడ్డూ వాటిని పరీక్ష చేయించారు. పొడిచేసిన పెంకు మీదికి ఎక్స్‌కిరణాలు పంపితే అందులో ఏ ఖనిజాలున్నాయో తెలుస్తుంది. బాలి పెంకూ మన తీరపు పెంకూ ఒకే చోటి మట్టి అయి ఉండవచ్చని 1993లో వారి బృందం రాసింది. 1997లో పుణె దక్కన్ కాలేజీ శాస్త్రవేత్త విశ్వాస్ గోగ్టే ఇంకా ముందుకెళ్లి ఆ చోటు పేరు చెప్పాడు: బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్–తామ్లుక్ ప్రాంతం. 2005లో ఇంగ్లండు పరిశోధకుల బృందం మరో పద్ధతిలో మూలకాలు లెక్కగట్టి చూసింది. శ్రీలంకలోని అనురాధపురంలో దొరికినవాటితో సహా ఈ మేలురకం పాత్రలన్నీ ఒకే మట్టి నేల నుంచి వచ్చాయని వారూ తేల్చారు.

గోగ్టే చెప్పినట్టు ఆ నేల గంగ ముఖద్వారమే అయితే, అరికమేడుకు పోయే సరుకు కళింగం, శాలిహుండం, కృష్ణా ముఖద్వారం దాటి, మన నెల్లూరు, పులికాట్ తీరం పక్కగానే దిగువకు సాగి ఉండాలి. ఇటలీ ద్రాక్షసారాయి జాడీలు ఈ సముద్రంలోకి వచ్చేసరికే ఇక్కడి పడవలకు ఆ దారి పాతది. రోమన్ వర్తకులు వచ్చి చేరింది అప్పటికే నడుస్తున్న బేరంలో.