అరుబైతో

జపాన్‌లో చదువుకునే విదేశీ విద్యార్థి నోట త్వరగా పడే మాట 'అరుబైతో'. చదువు సాగిస్తూ చేసుకునే చిన్న ఉద్యోగమన్న మాట. మూలం జర్మన్ 'ఆర్బైట్', అంటే పని. మెయిజీ కాలంలో వైద్యం, తత్వం చదివేవాళ్లలో జర్మన్ బాగా నడిచేది. వాళ్ల నోళ్లలోనే ఇది విద్యార్థుల మాటగా మారింది. ఇప్పుడు ఇంకా కురచై 'బైతో' అయింది. ఇలాంటి పనే గృహిణి చేస్తే మాత్రం 'పాతో' అంటారు, పార్ట్‌టైమ్‌లో ముక్క.

విద్యార్థి వీసా ఉన్నవాళ్లు అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు చేయవచ్చు. కొన్బినీ అనే చిల్లర దుకాణంలో భోజనం డబ్బా అందుకుని "అతతమెమస్ క?", వేడి చేయమంటారా అని అడిగే కుర్రాడు చాలాసార్లు నేపాల్ వాడో వియత్నాం వాడో. మర్యాద భాష నాలుకకు పట్టేది అక్కడే. క్లాసు కంటే ఆ కౌంటరే మంచి బడి అని నా నమ్మకం. సాయంత్రం డ్యూటీ ఎక్కినా తోటివాళ్లను 'ఒహాయో గొజాయిమస్', శుభోదయం అనే పలకరిస్తారు.