తగరపు రేకు రైలుబండ్లు: వాని చరిత్ర, సంరక్షణము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆటబొమ్మలను గూర్చిన వ్యాసమెందులకని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పుస్తకమువలెనే ఆటబొమ్మయు తాను పుట్టిన కాలమును గూర్చి మనకు తెలుపగలదు. అయితే దానిని చెడకుండ కాపాడినప్పుడే ఆ విషయము దక్కును. ఈ సంగతి నేను నష్టపడి తెలిసికొన్నది గనుక, ముందా నష్టమును మనవిచేసి, పిమ్మట చరిత్రలో ప్రవేశించెదను.

మా ఇంట పూర్వము చాబీ త్రిప్పిన నడచెడి రేకు రైలింజను ఒకటి యుండెడిది. పెద్దలు పట్నమునుండి తెచ్చినది. పిల్లలు పెద్దవారైన పిమ్మట అది చాలకాలము అటకపై పడియుండి తుప్పు పట్టినది. యౌవనమున నేను దానిని బాగుచేయ సంకల్పించి, గరుకు కాగితముతో బాగుగా రుద్ది, ఎఱ్ఱరంగు పూసితిని. చూచినవారందరును క్రొత్తదానివలె నున్నదని మెచ్చిరి. కొన్ని యేండ్లకు ఒక మిత్రుడు “ఇది ఏ దేశమున చేసినది?” అని యడిగినప్పుడు, ఇంజను ప్రక్కన చేసినవారి ముద్ర యొకటి యుండెడిదని జ్ఞప్తికి వచ్చెను. ఆ ముద్రను నేనే నా చేతులతో రుద్దివేసితిని. తుప్పుతోపాటు దాని జన్మవృత్తాంతమును పోయినది.

మన ప్రాంతమున రైలుబొమ్మకు గల ఆకర్షణకు ఒక కారణము కలదు. 1874వ సంవత్సరమున సికింద్రాబాదునుండి వాడి జంక్షనుకు నిజాము రాష్ట్రపు రైలుమార్గము ఏర్పడినది. 1889లో బెజవాడకును బండ్లు నడచినవి. వాడి మార్గము లింగంపల్లి మీదుగా పోయినదేగాని కందివైపునకు రాలేదు. సంగారెడ్డి జిల్లా కేంద్రమైనను ఆ పట్టణమునకు నేటికిని రైలు లేదు. బొంబాయి రహదారిపై నున్న మనయూరి పిల్లలు బస్సులను, లారీలను నిత్యము చూచెడివారు. రైలును చూడవలెనన్న లింగంపల్లికి పోవలసివచ్చెడిది. అట్టి చోట ఇంటినేలపై తిరుగు రేకు రైలు ఎంత వింతయో చెప్పనక్కరలేదు.

ఈ బొమ్మలకు మూలద్రవ్యము తగరపు రేకు. పలుచని ఉక్కురేకుకు ఇరుప్రక్కల తగరపు పూత పూయుదురు. ఇది మన గృహిణులకు క్రొత్తవిషయము గాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుట ఇట్టిదే. కళాయి పోయిన గిన్నెలో పులుసు చిలుమెక్కినట్లే, పూత గీచుకొనిపోయిన రేకుపై తుప్పు పట్టును. మన దేశమున ఈ రేకును చేయుటకై 1920లో టాటావారును బర్మా ఆయిల్ వారును కలిసి జంషెడ్‌పురము నొద్ద గోల్మురిలో టిన్‌ప్లేటు కంపెనీని స్థాపించిరి. కిరసనాయిలు డబ్బాలకు రేకు సమకూర్చుట వారి ముఖ్యోద్దేశము. జంషెడ్‌పురపు కర్మాగారములకు పనికై పోయి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములును పెక్కు కలవు.

ఇక బొమ్మరైలు పుట్టుక. జర్మనీలోని గోపింగెన్ అను పట్టణమున మెర్క్లిన్ అను రేకుపనివాడు 1859లో బొమ్మరిండ్లకు వంటపాత్రలు చేయ నారంభించెను. ఆయన 1866లో మరణింపగా భార్య కరోలీన్ ఆ వ్యాపారమును నిలిపినది. వారి కుమారులు 1891లో లైప్‌జిగ్ సంతయందు చాబీ రైలును, దానికి పట్టాలను ప్రదర్శించిరి. వారు చేసిన గొప్ప పని యేమనగా, పట్టాల వెడల్పులకు అంకెలతో కొలతలు నిర్ణయించుట. అందుచే నేడొక పెట్టెయు, మరుసటి యేట మరికొన్ని పట్టాలును కొని, ఆటను పెంచుకొనుటకు వీలైనది. పిమ్మట మిక్కిలి వ్యాప్తి చెందిన ‘సున్న’ కొలతలో పట్టాల నడుమ దూరము 32 మిల్లీమీటర్లు మాత్రమే. మన పెద్ద రైలుమార్గపు వెడల్పు 1676 మిల్లీమీటర్లు.

బొమ్మలు చౌకయగుటకు అచ్చు విద్య తోడ్పడినది. 1875లో ఇంగ్లండున రాబర్టు బార్‌క్లే అనునతడు రేకుపై రంగులు అచ్చొత్తు పద్ధతికి హక్కు పొందెను. కిటికీలు, తలుపులు, మేకుల వరుసలు మొదలగునవన్నియు చదునైన రేకుపైననే ముద్రించి, పిదప దానిని కత్తిరించి, వంచి, ఒక రేకు చెవిని మరియొక రేకు చీలికలో దూర్చి మడచెడివారు. ఇట్టి పెట్టెలలో చాలవాటికి టంకముతో పనియే లేదు.

1914లో మొదలైన యుద్ధమువలన జర్మనీ సరకు ఇంగ్లండుకు రాకపోయెను. లివర్‌పూలులో మెకానో ఆటవస్తువును కల్పించిన ఫ్రాంకు హార్న్‌బీ 1920లో తన రైళ్లను విక్రయింప మొదలిడెను. తొలి బండ్లు మరలతో బిగించినవి గనుక బాలుడు తానే విప్పి మరల కూర్చుకొన వీలుండెడిది. రెండవ యుద్ధానంతరము జపాను దేశీయులు ఖాళీ డబ్బాల రేకుతో సైతము బొమ్మలు చేసి బ్రదుకుతెరువు సాధించుకొనిరి. 1952వరకు అమెరికావారి యేలుబడిలో చేసిన జపాను వస్తువులపై ‘ఆక్రమిత జపాను’ అను ముద్ర కానవచ్చును. ఒక చిన్న ముద్ర ఒక దేశపు ఓటమిని తెలుపుచున్నది. నేను చెరిపివేసిన ముద్ర యేమి తెలిపెడిదో!

1950లు, 60లలో ప్లాస్టిక్కు వచ్చి రేకును వెనుకకు నెట్టినది. 1960ల చివరకు హార్న్‌బీ రేకు రైళ్లు ఆగిపోయినవి. అప్పటికే సేకరించువారు బయలుదేరిరి. 1954లో అమెరికాలో బొమ్మరైళ్ల సేకర్తల సంఘము వెలసినది. మన దేశమున పుణెలో జోషీగారి సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాల 1998లో తెరువబడినది. అచ్చట బండ్లను నడిపి చూపుదురు. హైదరాబాదులో సాలార్‌జంగు మూడవవాడు కళాఖండములతోపాటు ఆటబొమ్మలను సైతము కూడబెట్టెను. 1951లో తెరువబడిన ఆ ప్రదర్శనశాలలో బొమ్మసైనికులు పిల్లల నాకర్షించుచున్నారు. అంతటి శ్రీమంతుడు బొమ్మలను చిన్నచూపు చూడలేదని గ్రహింపవలెను.

ఇక బాగుచేయు విధానము. ముందుగా ఉన్నదానిని ఉన్నట్లు ఫొటో తీసికొనవలెను. అచ్చురంగుపై గరుకు కాగితము, పెట్రోలు, స్పిరిటు తగులరాదు. మెత్తని గుడ్డకు కొలదిగా కుట్టుమిషను నూనె అద్ది, కనబడని మూలన పరీక్షించి, మెల్లగా తుడువవలెను. మడచిన రేకు చెవులను పలుమార్లు వంచినచో విరిగిపోవును గనుక, అవసరము లేనిదే విప్పరాదు. చాబీయంత్రమును విప్పుటకు ముందు స్ప్రింగులోని బిగువును పూర్తిగా వదలింపవలెను. లేనిచో అది చివాలున విచ్చుకొని చేయి కోయును. గట్టిపడిన పాత జిడ్డును కిరసనాయిలుతో కడిగి, ఇరుసులకు ఒక్కొక్క చుక్క నూనె వేసిన చాలును. కొన్ని పాత చక్రములు జింకు మిశ్రమముతో పోసినవి. అందు సీసపు కల్మషము చేరినచో అవి తమంత తామే పగిలిపోవును. అట్టి వానికి క్రొత్త చక్రములు వేసి, పాతవానిని పారవేయక పొట్లము కట్టి దాచవలెను.

నడుపునప్పుడు నేల సమముగా నుండవలెను. మన ఇండ్లలోని షాబాదు బండల సందులపై పట్టాలు ఎగుడుదిగుడై బండి పల్టీ కొట్టును. క్రింద ఒక చెక్కపలక పరచుట మేలు. రెండడుగుల వ్యాసార్థముగల వలయమునకు అయిదడుగుల చదరపు చోటు కావలెను. తొలినాళ్ల విద్యుత్తు రైళ్లలో కొన్ని ఇంటి కరెంటుతోనే, నడుమ ఒక బల్బు నుంచి, నడచెడివి. అవి ప్రాణాపాయకరములు, చూచుటకే గాని నడుపుటకు గావు. పాతరంగులలో సీసముండవచ్చును గనుక పసిపిల్లల చేతికి ఈయరాదు.

ఈ పనికి కావలసిన హస్తకౌశలము మనకు కొరతయా? 1960లలో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1970లనుండి పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగినది. 2015లో మన కందికే హైదరాబాదు ఐ.ఐ.టి. తరలివచ్చినది. రేకును కోయ, వంప, అతుక నేర్చిన ఫిట్టర్లు మనలో ఇంటింట నున్నారు. యంత్రవిద్య చదువు విద్యార్థులు మన పొలిమేరలోనే యున్నారు. అయినను పాత బొమ్మలు కిలోల లెక్కన పాతయినుప సామానువారి బండ్ల కెక్కుచున్నవి.

కావున గ్రామస్థులకు నా మనవి యొకటి. అటకలపై, సందుకులలో నున్న రేకుబొమ్మను అమ్ముటకు ముందు ఒక్కసారి వెలుగులోనికి తెచ్చి చూడుడు. దానిపై నున్న అక్షరములను, ముద్రను కాగితముపై వ్రాసికొనుడు. ఎవరు కొనిరో, ఎవరు ఆడుకొనిరో ఇంటి పెద్దలనడిగి ఆ కాగితముపైననే చేర్చుడు. మన గ్రంథాలయమున అట్టి వస్తువులకొక అద్దాల బీరువా ఏర్పడిన, ఏటికొకనాడు బాలుర యెదుట చాబీ త్రిప్పి నడిపింపవచ్చును. శిథిలమైన పుస్తకపు అట్టను మార్తుమే గాని అందలి అక్షరములను చెరిపి మనము వ్రాయము గదా. రేకుబొమ్మయెడలను ఆ మర్యాదయే పాటింపవలెను.

రంగు పూసిన మా ఇంజను నేటికిని నడచుచున్నది. ఆ బీరువాకు మొదటి వస్తువుగా దానినే సమర్పింతును. ముద్ర లేని ఆ ఎఱ్ఱయింజను తక్కినవారికి హెచ్చరికగా నుండుగాక. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము శతవర్ష మహోత్సవము జరుపుకొనునాటికి, ఆ బీరువాలోని ప్రతి బండికిని దాని పేరును, దాని ఊరును చెప్పగల చీటి యుండవలెనని నా ఆకాంక్ష.